వైకల్యం ఉన్న పిల్లల చదువు హక్కు: బెంగళూరులో తల్లిదండ్రులు జట్టుకట్టి సాధించుకునే తీరు

ఆటిజం ఉన్న బాబు గురించో, డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన వైకల్యం) ఉన్న పాప గురించో బడితో మాట్లాడవలసి వచ్చినప్పుడు తల్లిదండ్రులు దాదాపు ఎప్పుడూ ఒంటరిగానే వెళతారు. లోపల అడిగేది కూడా బతిమాలుకున్నట్టే ఉంటుంది: "మేడమ్, ఈ ఒక్క పరీక్షకు కాస్త ఎక్కువ సమయం ఇప్పించండి." టీచరు మంచివారైతే ఇస్తారు. వచ్చే ఏడాది ఆ టీచరు మారితే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. అదే బడిలో అదే మాట అడుగుతున్న కుటుంబాలు ఇంకా ఉంటాయి, కానీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. చట్టం హక్కుగా ఇచ్చినదాన్ని మనం దయగా పుచ్చుకుంటున్నాం, అదీ ఏడాదికోసారి. నలుగురూ కలిసి, కాగితం మీద, చట్టం పేరు పెట్టి అడిగినప్పుడే అది ఒక టీచరు మంచితనం నుంచి బడి నియమంగా మారుతుంది. ఆ మార్పు ఎలా తేవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రాయలసీమ నుంచో, హైదరాబాదు నుంచో, కోస్తా నుంచో వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకున్నాను. మనకు ఇక్కడ రెండు అదనపు చిక్కులున్నాయి. ఒకటి, చేతిలో ఉన్న ధ్రువపత్రాలు వేరే రాష్ట్రానివి. రెండు, కార్యాలయాల్లో వ్యవహారం కన్నడంలో నడుస్తుంది. రెండింటికీ దారి ఉంది.

మొదట, మిగతా కుటుంబాలను వెతకండి

బడి మీకు పేర్లు ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. అది పిల్లల గోప్యత. తల్లిదండ్రులు ఒకరికొకరు దొరికే చోటు థెరపీ కేంద్రాల్లోని వరండా. స్పీచ్ థెరపీ జరుగుతున్న ముప్పావు గంటసేపు బయట కుర్చీల్లో కూర్చునేవాళ్ళంతా మనలాంటివాళ్ళే. "మీ పాప ఏ బడి?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. బడి గేటు దగ్గర, బస్సు ఆగేచోట పరిచయాలు పెరుగుతాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం మీ బిడ్డ రోగనిర్ధారణ వివరాలు పెట్టి మనుషులను వెతకవద్దు. ఒకసారి బయటికి వెళ్ళిన మాట వెనక్కి రాదు.

ఒకే బడికి చెందిన నాలుగైదు కుటుంబాలు దొరికితే పని మొదలుపెట్టడానికి చాలు. ఊరంతా కలిపి రెండు వందల మంది ఉన్న గ్రూపు ధైర్యం ఇస్తుంది, సమాచారం ఇస్తుంది. కానీ ఒక ప్రిన్సిపల్ ముందు కూర్చోవడానికి ఆ బడి తల్లిదండ్రులే కావాలి.

జట్టును తెలుగువాళ్ళకే పరిమితం చేయకండి. బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) కార్యాలయంలో కన్నడంలో ధారాళంగా మాట్లాడగల ఒక తల్లి, కన్నడంలో తప్పుల్లేకుండా అర్జీ రాయగల ఒక తండ్రి ఉంటే సగం భారం తగ్గుతుంది. అలాగే మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లలోని అపార్ట్‌మెంట్ కుటుంబాలతో ఆగిపోవద్దు. అవే అపార్ట్‌మెంట్లు కట్టడానికి వచ్చిన తెలుగు కూలీల పిల్లల్లోనూ వినపడనివాళ్ళు, నడవలేనివాళ్ళు ఉన్నారు. వాళ్ళు పక్కనే ఉన్న సర్కారు బడికి వెళతారు, లేదా ఏ బడికీ వెళ్ళరు. ప్రైవేటు బడి తల్లిదండ్రులు మాత్రమే ఉన్న జట్టు తన ఫీజుల గొడవ దాటి ముందుకు పోదని నా గట్టి అభిప్రాయం. పైగా సర్కారు బడి తల్లిదండ్రులకు మనకు లేని ఒక అధికారం ఉంది. కర్ణాటకలో ఎస్‌డీఎంసీ అని పిలిచే పాఠశాల అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీలో వాళ్ళకు చోటు ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి.

మొదటి సమావేశంలోనే తేల్చుకోవలసిన సంగతులు

ఏ బిడ్డ రిపోర్టూ, ఫోటో, వీడియో గ్రూపులో పెట్టకూడదు. టీచర్ల పేర్లు పెట్టి తిట్టకూడదు, ఆ సందేశం సాయంత్రానికే బడికి చేరుతుంది. "ఆటిజం నయం చేస్తాం" అని మందులూ ఆహార నియమాలూ అమ్మేవాళ్ళకు చోటివ్వకూడదు. ఏ ఒక్క రకం వైకల్యానికి చెందిన కుటుంబాలే ఎక్కువగా ఉండి మిగతావాళ్ళ గొంతు మింగేయకూడదు: చక్రాల కుర్చీ వాడే పిల్లవాడికి ర్యాంపు ఎంత ముఖ్యమో, డిస్లెక్సియా ఉన్న పాపకు అదనపు సమయం అంతే ముఖ్యం. పెద్ద తరగతుల పిల్లలను పిలిచి వాళ్ళకేం కావాలో వాళ్ళ నోటే వినండి. మనం ర్యాంపు గురించి పోరాడుతుంటే, పిల్లవాడు తనను విహారయాత్రకు తీసుకెళ్ళలేదన్న బాధలో ఉండవచ్చు.

సమావేశాలకు పిల్లలను తెచ్చుకునేలా ఏర్పాటు ఉండాలి. వంతులవారీగా ఇద్దరు పిల్లలను చూసుకోవాలి. లేకపోతే వచ్చేది ఇంటి దగ్గర బిడ్డను చూసుకునే మనిషి ఉన్నవాళ్ళే. తండ్రులు కూడా రావాలని మొదటి రోజే చెప్పండి. భారమంతా తల్లుల మీదే పడిన జట్లు ఏడాది తిరిగేలోగా అలసిపోతాయి.

కాగితాలు సిద్ధం చేసుకోండి

ఆంధ్రప్రదేశ్‌లోనో, తెలంగాణలోనో తీసుకున్న సదరం సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదని ఎవరైనా అంటే నమ్మవద్దు. వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 58 ప్రకారం, ఆ చట్టం కింద జారీ అయిన వైకల్య ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుంది. అయినా ప్రతి గుమ్మం దగ్గరా వాదించే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి, యూడీఐడీ కార్డు (కేంద్రం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) చేయించుకోవడం మంచిది. స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ఉపకార వేతనాల సంగతి వేరు, వాటికి కర్ణాటక నివాస ధ్రువీకరణ అడుగుతారు.

2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన ఈ చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. ఆటిజం, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు, మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, తలసీమియా అన్నీ అందులో ఉన్నాయి. 40 శాతం, ఆపైన ఉంటే చట్టం దాన్ని బెంచ్‌మార్క్ వైకల్యం అంటుంది. ఉచిత విద్య, రిజర్వేషన్ వంటివి దానితో ముడిపడినవి. కానీ బడిలో సర్దుబాట్లు అడగడానికి 40 శాతం తప్పనిసరి కాదు. 2021 ఫిబ్రవరి 11న వికాశ్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమే తేల్చింది: బెంచ్‌మార్క్ వైకల్యం లేకపోయినా, వైకల్యం ఉన్న అభ్యర్థి పరీక్షకు, తాను చెబితే జవాబులు రాసే స్క్రైబ్‌ను కోరవచ్చు. "మీవాడిది 30 శాతమే కదా" అన్నవాళ్ళకు ఈ తీర్పు చూపించండి.

అభ్యసన వైకల్యానికి 2018 నాటి మార్గదర్శకాలు ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ధ్రువపత్రం ఇవ్వవద్దన్నాయి. తరువాత 14, 18 ఏళ్ళప్పుడు మళ్ళీ పరీక్ష చేయించాలన్నాయి. 2024లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి కాబట్టి ఇప్పటి నియమం ఆసుపత్రిలో అడిగి తెలుసుకోండి. ఈ పరీక్షలకు దేశమంతటా వాడే పరీక్షా సాధనాల్లో ఒకటి హోసూరు రోడ్డులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తయారుచేసినదే. ధ్రువపత్రం చేతికి రావడానికి సమయం పడుతుంది కాబట్టి, తొమ్మిదో తరగతిలో బోర్డు పరీక్షలకు పేర్లు నమోదు చేసే సమయానికి తొందరపడేకంటే ఏడో తరగతిలోనే మొదలుపెట్టండి. జట్టుగా ఉన్నప్పుడు ఇది తేలిక. ముందు వెళ్ళినవాళ్ళు ఏ రోజు ఏ గదికి వెళ్ళాలో, ఏ కాగితం మరిచిపోయి వెనక్కి రావలసి వస్తుందో తరువాతివాళ్ళకు చెబుతారు.

చట్టంలో బాగా తెలిసి ఉండవలసిన భాగాలు

చట్టమంతా చదవనక్కరలేదు. జట్టులో ప్రతి ఒక్కరికీ ఈ కొన్ని సెక్షన్లు నోటికి వచ్చి ఉండాలి.

వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 16. ప్రభుత్వ నిధులతో నడిచే బడులకే కాదు, ప్రభుత్వ గుర్తింపు పొందిన బడులన్నిటికీ ఇది వర్తిస్తుంది. అంటే మీ ప్రైవేటు బడికి కూడా. వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఆటల్లో వినోదంలో మిగతావారితో సమానంగా అవకాశమివ్వాలి, భవనం అందుబాటులో ఉండాలి, పిల్లవాడి అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలి, వ్యక్తిగత సహాయం అందించాలి, అభ్యసన వైకల్యాన్ని తొందరగా గుర్తించాలి, రవాణా సదుపాయం చూడాలి. షాడో టీచరును (తరగతిలో మీ బిడ్డ పక్కనే ఉండి సాయం చేసే మనిషిని) మీరే జీతమిచ్చి తెచ్చుకుంటేనే చేర్చుకుంటామని బడి అన్నప్పుడు, వ్యక్తిగత సహాయం బడి బాధ్యతగా రాసి ఉన్న ఈ సెక్షన్‌నే ముందు పెట్టాలి.

సెక్షన్ 2లో వివక్షకు ఇచ్చిన నిర్వచనంలోనే, సహేతుకమైన సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షే అని ఉంది. సంస్థ మీద మోయలేని భారం పడకూడదన్న షరతు కూడా చట్టంలో ఉందని గుర్తుంచుకోండి. బడి ఆ మాట ఎత్తితే, ఏ భారమో ఎంత ఖర్చో కాగితం మీద చూపమనండి. నేల అంతస్తుకు తరగతి మార్చడానికి ఖర్చేమీ ఉండదు.

సెక్షన్ 17 ప్రభుత్వం చేయవలసినవి చెబుతుంది: అదనపు సమయం, స్క్రైబ్, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటివి అందులో ఉన్నాయి. కేంద్ర మార్గదర్శకాల లెక్కలో అదనపు సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు, అంటే మూడు గంటల పరీక్షకు ఒక గంట.

భాషల మినహాయింపు మన పిల్లలకు మరీ ముఖ్యం. ఇంట్లో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు, పైన కన్నడం, హిందీ. కన్నడ భాషా అభ్యసన చట్టం 2015 వల్ల ఇక్కడి బడులు కన్నడం నేర్పాలి, అది సబబే. ఈ ఊళ్ళో బతకడానికి మాట్లాడే కన్నడం పిల్లలకు కావాలి కూడా. కానీ అక్షరాలే పెద్ద గండమైన బిడ్డకు మూడు లిపుల్లో పరీక్ష పెట్టడం వేరు. మినహాయింపు కోసం బడి ద్వారా బోర్డుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలి. ఈ సందర్భంలో ఒక మాట చెప్పకుండా ఉండలేను. "బిడ్డ అయోమయపడుతున్నాడు, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి" అని బడులు చాలామంది తల్లులకు చెబుతాయి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల భాష దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలలేదు. అమ్మమ్మతో తాతయ్యతో మాట్లాడే భాషను ఆ బిడ్డ నుంచి తీసేయమని ఎవరూ అడగకూడదు, మీరు ఒప్పుకోకూడదు.

విద్యాహక్కు చట్టం 2009 రెండో ఆయుధం. సెక్షన్ 13 ప్రకారం చేర్చుకునే ముందు బిడ్డనైనా తల్లిదండ్రులనైనా వడపోతకు గురిచేయకూడదు. మొదటిసారి తప్పుచేస్తే 25,000 రూపాయల వరకు, తరువాత ప్రతిసారీ 50,000 రూపాయల వరకు జరిమానా ఉంది. "పరిశీలన కోసం" బిడ్డను గంటసేపు ఒంటరిగా కూర్చోబెట్టే బడులకు ఈ సెక్షన్ గుర్తుచేయండి. 2012 సవరణతో వైకల్యం ఉన్న పిల్లలు ఈ చట్టం 'డిసడ్వాంటేజ్డ్ గ్రూప్' అని పిలిచే వర్గం నిర్వచనంలోకి వచ్చారు.

ఒకేసారి ఒక్క కోరిక

జట్టు కట్టిన ఉత్సాహంలో ఇరవై కోరికల జాబితా ఇస్తే బడి అందులో తేలికైన రెండు ఒప్పుకుని పేరు తెచ్చుకుంటుంది. ఒకటి ఎంచుకోండి. ఒక టర్ములో చేయగలిగేది, అందరికీ పనికొచ్చేది, జరిగిందో లేదో స్పష్టంగా తెలిసేది అయి ఉండాలి. నా సలహా ఏమిటంటే, బోర్డు పరీక్షల్లో ఇచ్చే సదుపాయాలను బడి సొంత పరీక్షల్లోనూ అమలు చేయమని అడగడంతో మొదలుపెట్టండి. బోర్డే ఇస్తున్నదాన్ని బడి కాదనలేదు. పైగా పదో తరగతిలో మొదటిసారి స్క్రైబ్‌తో కూర్చున్న పిల్లవాడు తడబడతాడు. చిన్న తరగతుల నుంచే అలవాటు కావాలి.

స్పెషల్ ఎడ్యుకేటర్ (వైకల్యం ఉన్న పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన టీచరు) నియామకం తరువాతి మెట్టు. 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు రజనీశ్ కుమార్ పాండే కేసులో ఇలాంటి టీచర్ల నిష్పత్తిని నిర్దేశించింది: ప్రాథమిక తరగతుల్లో వైకల్యం ఉన్న పదిమంది పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు.

ఉత్తరం, ఆ తరువాత సమావేశం

ఉత్తరం ఇంగ్లీషులోనో కన్నడంలోనో ఇస్తారు. మనలో మనం నిర్ణయించుకోవడానికి ముందు తెలుగులో రాసుకోండి, ఇలా:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు. మేము మీ పాఠశాలలో చదువుతున్న, వైకల్యం ఉన్న విద్యార్థుల తల్లిదండ్రులం. వికలాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 16 కింద గుర్తింపు పొందిన ప్రతి పాఠశాలా విద్యార్థి అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయవలసి ఉంది. బోర్డు పరీక్షల్లో ఇచ్చే అదనపు సమయం, స్క్రైబ్ తదితర సదుపాయాలను ఈ ఏడాది మొదటి యూనిట్ పరీక్ష నుంచే పాఠశాల పరీక్షల్లోనూ అమలు చేయాలని, ఇందుకు బాధ్యులుగా ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలని, ఈ నిర్ణయాన్ని తల్లిదండ్రులందరికీ సర్క్యులర్ ద్వారా తెలపాలని కోరుతున్నాం. మాట్లాడేందుకు సమయం ఇవ్వగలరు. పదిహేను రోజుల్లో రాతపూర్వక సమాధానం ఆశిస్తున్నాం."

ఇందులో ఏ బిడ్డ పేరూ లేదు. ఏ బిడ్డా వేలెత్తి చూపబడకుండా అందరి తరఫునా అడగగలగడమే జట్టు ఇచ్చే రక్షణ. సంతకాలు తల్లిదండ్రులవి మాత్రమే, వీలైతే అక్షర క్రమంలో. వైకల్యం లేని పిల్లల తల్లిదండ్రులు కొందరు సంతకం చేస్తే ఇంకా మేలు. "మిగతా తల్లిదండ్రులు అభ్యంతరం చెబుతున్నారు" అన్న మాటకు అదే జవాబు. కాగితం చేతికిస్తే నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి, మెయిలు కూడా పంపండి.

సమావేశానికి ముగ్గురు చాలు. ఒకరు మాట్లాడతారు, ఒకరు రాసుకుంటారు, మూడోవారు ఎవరికైనా కన్నీళ్ళో కోపమో వచ్చినప్పుడు మాట అందుకుంటారు. ఆ గదిలో కన్నీళ్ళు వస్తాయి, తప్పేమీ లేదు. కానీ మాట మధ్యలో ఆగిపోకూడదు. "మా దగ్గర సదుపాయాలు లేవు" అంటే, ఏవి లేవో రాసివ్వమని అడగండి. "స్పెషల్ స్కూలైతే బాగుంటుంది" అంటే, అది తల్లిదండ్రులు ఎంచుకునే విషయమనీ, బడి నెట్టేసే విషయం కాదనీ చెప్పండి. క్లాస్ టీచరును మాత్రం శత్రువును చేసుకోకండి. నలభైమంది పిల్లలతో ఒంటరిగా ఉన్న ఆవిడకూ సహాయం కావాలి. మనం అడిగే స్పెషల్ ఎడ్యుకేటర్ ఆవిడకు కూడా అవసరమే.

ఈ దశలో అన్నిటికంటే ముఖ్యమైన పని సమావేశం అయిన రోజు రాత్రే చేయాలి. బడికి మెయిలు పంపండి: "ఈరోజు మీరు ఫలానా మూడు విషయాలు అంగీకరించారని, ఫలానా దానికి నెలాఖరు వరకు గడువు అడిగారని మేము అర్థం చేసుకున్నాం. ఇందులో పొరపాటు ఉంటే తెలపగలరు." జవాబు రాకపోయినా అదే రికార్డు. నోటి మాటకు ఎవరూ బాధ్యులు కారు, తేదీ ఉన్న మెయిలుకు జవాబుదారీ ఉంటుంది.

బడి వినకపోతే

గడువు దాటాక ఒక గుర్తుచేసే ఉత్తరం, తరువాత మీ బ్లాక్ బీఈఓకు ఫిర్యాదు, ఆపైన జిల్లా స్థాయిలో విద్యాశాఖ ఉప సంచాలకులు, అంటే డీడీపీఐకి. సీబీఎస్ఈ బడి అయితే బోర్డుకు కూడా. కన్నడంలో రాసిన ఒక పేజీ అర్జీ, వెనుక తేదీల వరుసలో పాత ఉత్తరాలన్నీ. సర్కారు బడుల విషయంలో బ్లాక్ స్థాయిలో పనిచేసే సమ్మిళిత విద్య రిసోర్సు టీచర్లు ఉంటారు, ముందు వాళ్ళను కలవండి. వారానికోసారి కూడా మీ బడికి రాలేకపోతున్నారంటే వాళ్ళెంతమంది ఉన్నారో అడగాలి. సమాచార హక్కు చట్టం ఉన్నది అందుకే. పది రూపాయల రుసుము, 30 రోజుల గడువు. కర్ణాటక నిబంధనల్లో దరఖాస్తు 150 పదాలు దాటకూడదు, ఒకే అంశం మీద ఉండాలి. అందుకే "మా బ్లాకులో మంజూరైన స్పెషల్ ఎడ్యుకేటర్ పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని?" అని ఒక్క ప్రశ్న వేయండి. ఇంకో ప్రశ్నకు ఇంకొకరు దరఖాస్తు పెడతారు. జట్టు ఉన్నది ఇందుకే కదా.

దాని పైన రాష్ట్ర వికలాంగుల కమిషనర్ ఉన్నారు. విచారణ జరిపేటప్పుడు సాక్షులను పిలిపించడం, పత్రాలు తెప్పించడం వంటి విషయాల్లో కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలుంటాయి. ఇచ్చేది సిఫారసే. అయినా ఆ సిఫారసు మీద ఏం చేశారో సంబంధిత అధికారులు మూడు నెలల్లో తెలపాలి, పాటించకపోతే కారణం చెప్పాలి. పిల్లలపై వేధింపులుంటే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు వెళ్ళవచ్చు. కోర్టు దాకా పోవలసి వస్తే లాయరు ఫీజుకు భయపడవద్దు. న్యాయసేవల ప్రాధికార చట్టం 1987, సెక్షన్ 12 ప్రకారం మహిళలు, పిల్లలు, వైకల్యం ఉన్నవారు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఆదాయంతో పని లేదు.

"టీసీ తీసుకెళ్ళండి" అన్నప్పుడు

తల్లిదండ్రులు నోరు విప్పకపోవడానికి అసలు కారణం ఈ భయమే. విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి తీసేయకూడదు. సెక్షన్ 17 శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధిస్తుంది. టీసీ కోసం బడి ఒత్తిడి చేసే పద్ధతి ఏమిటంటే, మీరే కోరుకున్నట్టు మీ చేత దరఖాస్తు రాయించడం. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. "పంపించేయాలన్న నిర్ణయం మీదైతే, కారణంతో సహా మీరే రాసివ్వండి" అని చెప్పి బయటికి వచ్చి వెంటనే జట్టుకు ఫోను చేయండి. ఆ రోజు సాయంత్రమే మిగతా తల్లిదండ్రులంతా సంతకం చేసిన ఉత్తరం బడికి చేరాలి. జట్టుకు ముందే ఈ విషయంలో ఒప్పందం ఉండాలి. అప్పటికప్పుడు ఆలోచించుకుంటే ఆలస్యమవుతుంది.

సంఘంగా నమోదు చేయాలా?

మొదటి ఏడాది అక్కరలేదు. నమోదు అనగానే అధ్యక్షుడెవరన్న గొడవ మొదలై అసలు పని ఆగుతుంది. డబ్బు వసూలు, బ్యాంకు ఖాతా అవసరమైనప్పుడు కర్ణాటక సంఘాల నమోదు చట్టం 1960 కింద ఏడుగురు సభ్యులతో నమోదు చేసుకోవచ్చు. అంతవరకు ఇప్పటికే ఉన్న సంస్థల అనుభవం వాడుకోండి. మేధో వైకల్యం ఉన్నవారి తల్లిదండ్రుల సంఘాలను దేశవ్యాప్తంగా కలిపే 'పరివార్' జాతీయ సమాఖ్య ఉంది. ఇందిరానగర్‌లోని స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక 1980లలో మొదలైన నాటి నుంచి సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేస్తోంది.

మీ బిడ్డ పదో తరగతి దాటి బడి వదిలే ఏడాది, జనవరి కల్లా జట్టు ఫోల్డరును ఆరో ఏడో తరగతి పిల్లల తల్లిదండ్రులకు అప్పగించండి. అందులో ఉత్తరాలు, బడి సర్క్యులర్లు, ఆర్టీఐ జవాబులు, ఏ కార్యాలయంలో ఎవరిని కలవాలో రాసిన నోట్లు ఉండాలి. పిల్లల వ్యక్తిగత రిపోర్టులు ఉండకూడదు. మీ బిడ్డకు దొరికిన సదుపాయాలన్నీ పేర్కొంటూ బడి లెటర్‌హెడ్ మీద ఒక పత్రం విడిగా తీసుకోండి. పీయూసీ (మన ఇంటర్) కాలేజీలో అడిగే మొదటి కాగితం అదే. పై చదువుల్లో ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థలు బెంచ్‌మార్క్ వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. ఆ దరఖాస్తుల వేళకు యూడీఐడీ కార్డు గడువు తీరిపోకుండా ముందే చూసుకోండి.